వెనక పేజీల కట్ట

పెద్ద చదువుల కోసం పుస్తకం రాస్తున్న పిల్లలకు ముందుగా ఒక్కటే చెబుతాను. కాగితానికి ఎడమ పక్కన ఒకటిన్నర అంగుళం ఖాళీ వదలండి. మిగతా మూడు వైపులా అంగుళం చాలు. ఎందుకంటారా? ఆ ఎడమ పక్కనే దబ్బనం దిగుతుంది, దారం పోతుంది, దాని మీద అట్ట మడత పడుతుంది. అక్కడిదాకా అక్షరాలు తోశారనుకోండి, మీరు ఏళ్ల తరబడి తిరిగి రాసిన వాక్యాల మొదళ్లన్నీ కుట్టులోకి పోతాయి. ఆ తర్వాత మీ సారు పుస్తకాన్ని ఎంత విరిచి పట్టుకున్నా కనబడవు.

ఇది నాకు బడిలో చెప్పింది కాదు. బడికి నేను పోయింది రెండో తరగతి దాకా. అంకెలు బాగా వచ్చు. నా పేరు రాసుకుంటాను. బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతాను. అంతే. అయినా నిజామాబాద్‌లో ఒక బైండింగు దుకాణంలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. ఈ చుట్టుపక్కల డాక్టరేటు తెచ్చుకున్నవాళ్లలో చాలామంది పుస్తకాలకు వీపు కుట్టింది ఈ చేతులే. ఇప్పుడు చూపు సూదికి అందడం లేదని మానేశాను. నేను చెబుతుంటే మా పక్క వాటా పంతులమ్మ రాసిపెడుతోంది. నా మాట కాస్త సాపు చేస్తానంది. చేసుకో తల్లీ, కానీ మనుషులు మాట్లాడుకున్న చోట మాత్రం చెయ్యి పెట్టకు అన్నాను.

అంతకుముందు నాది చెరకు కోత పని. పెళ్లయి నవీపేట వైపు వచ్చిన ఏడాది నుంచి మా ఆయనతో కలిసి బోధన్ చుట్టూ చేలల్లో చెరకు కొట్టాను. ఆయన పోయాక ఒంటరి ఆడదాన్ని ముఠాలో పెట్టుకోలేదు. అప్పుడు టౌనుకొచ్చి ఈ దుకాణంలో చేరాను. మొదట ఊడ్చేందుకు, తర్వాత మైదా గంజి కాచేందుకు, ఆ తర్వాత కుట్టేందుకు.

దుకాణంలో మేం ముగ్గురమే. పెద్దాయన సేటు. ఆయన అట్టల మీద బంగారు రంగు అక్షరాలు అచ్చు వేసేవాడు. కంప్యూటరు దగ్గర కూర్చునే అతనికి నలభై దాటాయి, నోటి నిండా జర్దా పాను. పేజీలు సర్ది అచ్చు తీసేది అతను. లైనుకూ లైనుకూ మధ్య రెండింతలు జాగా, అధ్యాయం పేరు నడిమధ్యలో, పేజీ నంబరు కింద, అన్నీ అతని చేతిలో ఉండేవి. నా పని కాగితాలు వరసగా పేర్చడం, కుట్టడం, అట్ట ఎక్కించడం. ఒక్కొక్కరికి ఐదు కాపీలు.

ఇక వెనక పేజీల కట్ట. నా పీట పక్కన అల్మారాలో కింది అరలో ఎప్పుడూ ఉండేది. జతకు పదకొండు కాగితాలు, పేజీ నంబర్లు లేనివి. చేరిన కొత్తలోనే సేటు చెప్పాడు.

"సూడమ్మా, ముందల సర్టిఫికెట్టు వెడతం గదా, ఎనక గీ పేజీలు వెట్టాలె. ఎవలన్న సొంతంగ నంబర్లేసుకొని తెచ్చుకుంటె మంచిదే. తేనోళ్లకు గివి."

ఎందుకని నేను అడగలేదు. అట్ట లోపల తెల్లకాగితం ఎందుకని అడిగానా? ఇదీ అంతే అనుకున్నాను. నీళ్ల గురించి రాసినవాళ్లకూ అదే, పంచాయతీల గురించి రాసినవాళ్లకూ అదే, పసుపు మార్కెట్టు గురించి రాసినవాళ్లకూ అదే. మూడో కాగితం మూల మీద ఈగంత నల్లమచ్చ ఒకటుండేది. మొదటి కాపీ తీసినప్పుడు ఎప్పుడో పడిందట. ఇన్ని పుస్తకాల్లోనూ ఆ ఈగ అక్కడే వాలి ఉండేది. నాకు ముద్దుగా కూడా అనిపించేది.

అలాంటి రోజుల్లో ఒక అమ్మాయి రావడం మొదలుపెట్టింది. బోధన్ దగ్గర క్యాంపు పిల్ల. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న రైతుల ఇల్లు. చెరకు పనిలో ఆడవాళ్ల మీద రాస్తోంది. అచ్చు తీసిన అధ్యాయాలు దిద్దుకోవడానికి మా దుకాణంలోనే ఓ మూల కూర్చునేది. ఒక మధ్యాహ్నం నేను సద్ది విప్పుతుంటే నా చేతుల మీద గీతలు చూసింది.

"ఏంటి పెద్దమ్మా ఆ గాట్లు? కత్తెర తగిలిందా?"

"కత్తెర గాదు బిడ్డా. చెరకు ఆకు. పాత చీర పేలికలు సుట్టుకున్నా ఇడిశిపెట్టది."

అంతే, పిల్ల పెన్ను కింద పెట్టేసింది. ఆ తర్వాత చాలా మధ్యాహ్నాలు నన్ను అడుగుతూనే ఉంది, ఫోనులో మాట పట్టుకుంటూనే ఉంది. నేను అన్నీ చెప్పాను. మొగుడూ పెళ్లాం కలిసి పనికి పోతే ముఠా మేస్త్రీ పుస్తకంలో ఇద్దరికీ కలిపి ఒకటే కత్తి, ఒకటే పేరు, మొగవాడిది అని. మా ఆయనకు నడుము పట్టేసిన సీజను మొత్తం చెరకు నరికింది నేనేనని, ఆయన గట్టు మీద కూర్చుని మోపులు కట్టాడని. పుస్తకంలో మాత్రం ఆయనే నరికాడు.

"మీ తాత చేన్ల గూడ కొట్టిన" అన్నాను ఒకరోజు.

"మా తాత ఎలా చూసేవాడు?"

"మంచోడే. బిందెతోని నీళ్లు పంపేటోడు. పేరు మాత్రం అడగకపోయేటోడు."

"అది కూడా రాసుకోనా పెద్దమ్మా?"

"నీ తాత, నీ పుస్తకం. నన్నేంది అడుగుడు?"

రాసుకుంది.

అప్పుడే ఒక చిన్న చీటీ ఇచ్చింది. దాని మీద 17 అని వేసి ఉంది. తను మాట్లాడిన ఆడవాళ్లు ముప్పై ఒక్కమందిలో నేను పదిహేడోదాన్నట. ఎవరి పేర్లూ పుస్తకంలో వేయనని ఒట్టు పెట్టుకుందట, మేస్త్రీలతో రైతులతో రేపు మాకు మాట రాకూడదని. "మీ మాట వద్దనుకుంటే ఈ నంబరు చెప్పండి, తీసేస్తా" అంది. ఆ చీటీని నా తమలపాకుల సంచిలో దాచుకున్నాను.

ఇంకా చెప్పింది. రాసిన ప్రతి మాటా ఎక్కడిదో చూపించాలట. పుస్తకంలోంచి తీసుకుంటే మాట పక్కన రాసినాయన పేరు, సంవత్సరం. మనిషి చెబితే ఆ మనిషి నంబరు. చివర్లో ఒక పట్టిక, అందులో వివరమంతా. అనుమానం వచ్చినవాళ్లు ముందు నుంచి వెనక్కి పోయి సరిచూసుకోవచ్చు. తన పట్టిక చిత్తుప్రతి తెచ్చి నా ముందు పెట్టింది. "ఇదిగో పెద్దమ్మా, ఇది మీరు." 17, దాని పక్కన ఒక గీత, ఆ పక్కన 56. నా వయసు.

నేను ఊఁ కొడుతూ విన్నాను. బాగుందన్నాను. మరి నా పీట పక్కన అల్మారాలో ఉన్న కట్టకీ ఈ పిల్ల చెప్పినదానికీ సంబంధం ఉందని తట్టిందా? తట్టలేదు. అందుకే చెబుతున్నాను, చెయ్యి అలవాటు పడ్డ పనికి బుర్ర తోడు పోదు.

పుస్తకం ఇవ్వాల్సిన ఆఖరి రోజు వచ్చింది. ఆ పిల్లకు గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు. సాయంత్రం నాలుగు లోపల యూనివర్సిటీ ఆఫీసులో ఐదు కాపీలు పెట్టకపోతే పేరు కొట్టేస్తారు. ఐదేళ్ల తిరుగుడు గాలికి పోతుంది. అందుకే ముందురోజే ఐదూ కుట్టి, అట్ట వేసి, ప్రెస్సులో బిగించి ఉంచాను. ఉదయాన్నే సేటు బంగారు అక్షరాలు కూడా అచ్చు వేశాడు. పన్నెండుకు పిల్ల వచ్చి తీసుకుపోతుందని అనుకున్నాం.

నేను ఇంకెవరిదో రిజిస్టరుకు గంజి పూస్తున్నాను. గంజి బల్లకు అంటకుండా కింద చిత్తుకాగితం వేసుకుంటాం. ఒకటి తీసి పరిచాను, కుంచె తిప్పాను. కుంచె పక్కన 17 కనబడింది. దాని పక్కన గీత. ఆ పక్కన 56.

కుంచె అక్కడే ఆగింది.

సంచిలోంచి చీటీ తీసి పక్కన పెట్టి చూశాను. చిత్తుకాగితాల గంపలోకి చెయ్యి పెడితే అలాంటివే ఇంకా వచ్చాయి. అప్పుడు గుర్తొచ్చింది. ముందురోజు కట్ట మీద విడిగా కొన్ని కాగితాలు వచ్చాయి, పేజీ నంబర్లు లేకుండా. నంబరు లేనివి చిత్తువి అనుకుని గంపలో వేశాను. తర్వాత చెయ్యి దానంతటదే అల్మారా కింది అరలోకి పోయింది.

ప్రెస్సులోంచి ఒక కాపీ లాగి వెనక నుంచి తెరిచాను. మూడో కాగితం మూల మీద ఈగ.

"సేటూ" అన్నాను. "ఎనక మనయి వెట్టిన. పిల్లయి గంపల ఏసిన."

సేటు కళ్లజోడు పైకి తోసి చూశాడు. "ఓస్ గింతేనా! నేనేందో అట్ట తలకిందులేసినవనుకున్న. ఎనక ఎవలు సూస్తరమ్మా? గిన్నేండ్ల సంది ఒక్కడన్న అడిగిండా?"

"గా పట్టీల మేమున్నం సేటూ. ముప్పై ఒక్క ఆడోళ్లు. ముందలేమో పదిహేడు చెప్పింది, ఇరవై చెప్పింది అని రాసుకున్నది. ఎనకకు వోయి సూస్తె మేం లేకుంటె, గదంత ఆమె కల్పిచ్చినట్టే గదా?"

కంప్యూటరు అతను పాను ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చాడు. "అక్కా, అట్టెక్కినంక కుట్టు ఇప్పుడంటె కోసిన కోడికి మల్ల ఈకలు అతికిచ్చుడే. పన్నెండు గావస్తున్నది. నాలుగింటికి ఇయ్యాలె. చప్పుడు జేయక ఇయ్యి."

"మరి నువ్వు నంబర్లేసి తీయకపోతివి?"

"ఆమె ఆ ఫైలు ఇడిగా ఇచ్చింది. నేనేం జేస్త? నువ్వు అడిగినవా?"

"ఇద్దరు నోర్లు మూయుండ్రి" అన్నాడు సేటు. తర్వాత నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అన్నాడు. "అమ్మా, చెప్పకు. తెలిసిందంటె ఆ పిల్ల అక్కడ చెప్తది. అందరి పుస్తకాలు ఇప్పి సూస్తరు. దుకాణం మూసుకునుడే."

ఆయన భయం అబద్ధం కాదు. నా కూడు కూడా ఆ దుకాణంలోనే ఉంది. మా ఆయన పోయినప్పుడు పని ఇచ్చిన మనిషి. నేను తల వంచుకుని నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే పిల్ల లోపలికొచ్చింది. నవ్వు ముఖం, చేతిలో స్వీటు డబ్బా.

"అయిపోయాయా పెద్దమ్మా? ఏవీ, చూడనీ!"

ఆ డబ్బా చూశాక నావల్ల కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. అల్మారా తెరిచి కట్ట కూడా చూపించాను. పిల్ల ఆ పదకొండు కాగితాలూ తిప్పింది.

"ఇందులో ఉన్న పుస్తకాల్లో ఒక్కటీ నేను చదవలేదు. ఈ పట్టిక… అందరికీ ఇదే పెడతారా?"

సేటు వచ్చి అల్మారా తలుపు మూసేశాడు.

"పెద్దమ్మా, మీరు లేకపోతే నా పుస్తకంలో ఏముంది? కాగితాలున్నాయి, అంతే. నేనిది ఇవ్వను. పోతే పోనీ నా ఐదేళ్లు." కూర్చుండిపోయింది.

"ఎందుకు వోతయి?" అన్నాను. "కుట్టింది నేను, ఇప్పేది నేను. జరుగు, బల్ల ఖాళీ జెయ్యి. తమ్మీ, నువ్వు కంప్యూటరు తెరువు. ఇప్పుడన్న నంబర్లేస్తవా, మళ్ల మర్శిపోతవా?"

కంప్యూటరు అతను బయటికి పోయి పాను ఉమ్మేసి వచ్చాడు. ఇన్నేళ్లలో పని మధ్యలో అతను పాను ఉమ్మడం నేను చూడలేదు.

కుట్టడం అందరూ నేర్చుకుంటారు. విప్పడం వేరు. అట్ట లోపల అతికిన కాగితాన్ని మడత దగ్గర సన్నగా కోయాలి. కత్తి వెంట్రుకంత లోతుకు పోయినా రెగ్జిను తెగి పుస్తకం చెవి వేలాడుతుంది. అట్ట ఊడాక దారం కత్తిరించి, వెనక పదకొండూ లాగి, కొత్త కాగితాలు పెట్టాలి. వాటిని ముందే పుస్తకం కొలతకు కోసుకోవాలి, లేకపోతే నాలుకలా బయటికొస్తాయి. కొత్త బెజ్జాలు పాత బెజ్జాల మీదే పడాలి. ఒక్కో పుస్తకం అలా. ఐదు.

మొదటిది విప్పి రెండోదానికి పోయేసరికి ఒంటిగంట. పిల్ల కత్తెరతో దారాలు తెంపుతోంది. సేటు తన కుర్చీలో అటు తిరిగి కూర్చున్నాడు. నాకు ఆయన వీపే కనబడుతోంది. రెండోది కూడా అయిపోయింది. మూడోదానికి దారం ఎక్కిస్తుంటే నా పక్కన పీట చప్పుడైంది.

"జరుగు" అన్నాడు సేటు. కళ్లజోడు సరిచేసుకుని దబ్బనం తీసుకున్నాడు. ఆయన దబ్బనం పట్టి ఎన్నేళ్లయిందో. "సన్నగ కుట్టకు. లావుగ కుట్టు. టైం లేదు."

"నాకు నేర్పింది సన్నగనే గదా."

"నేర్పినోన్ని నేనే జెప్తున్న, లావుగ కుట్టు."

మూడు దాటాక ఐదోది అయింది. కానీ గంజి పచ్చిగా ఉంది. బరువు పెట్టకుండా వదిలితే అట్టలు వంకర తిరిగిపోతాయి. యూనివర్సిటీ ఊరి బయట ఎక్కడో ఉంది, ప్రెస్సును మోసుకుపోలేం. ఆటోలో ఐదు పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చి సేటు నా వైపు చూశాడు.

"కూసో."

"ఏడ?"

"పుస్తకాల మీద. నీ అంత బరువు మన దుకాణంల ఇంకేమున్నది?"

"చదువుల తల్లి మీద కూసోమంటవా సేటూ? కండ్లు వోతయి!"

"పెద్దమ్మా, ప్లీజ్" అంది పిల్ల. అప్పుడు మొదటిసారి నవ్వింది.

పుస్తకాలకు టవలు చుట్టాను. రెండు చేతులా తాకి కళ్లకు అద్దుకున్నాను. తప్పు క్షమించమని మనసులో చెప్పుకుని, ఎక్కి కూర్చున్నాను. ఆటో గుంటలో పడ్డప్పుడల్లా నేను ఎగిరి మళ్లీ పడుతుంటే పిల్ల "బాగా నొక్కండి, ఇంకా నొక్కండి" అంటుంది. డ్రైవరు అద్దంలో చూసి అడగనే అడిగాడు. "అమ్మా, గుడ్లు పొదుగుతున్నవా?"

నాలుగుకు పది నిమిషాలుండగా ఆఫీసు బల్ల మీద పెట్టాం. గుమాస్తా మొదటి కాపీ ముట్టుకుని చెయ్యి చూసుకున్నాడు.

"గిదేంది, పచ్చిగున్నది?"

"ఎండకు చెమట వట్టినయ్ సారూ" అన్నాను.

అతను వెనక పేజీలు తిప్పాడు. ఈగ లేదు. నంబర్లు చివరి కాగితం దాకా వరసగా ఉన్నాయి. ముద్ర వేశాడు.

మర్నాడు నేను పోయేసరికి అల్మారా కింది అర ఖాళీగా ఉంది. సేటు ఏం చేశాడో చెప్పలేదు, నేను అడగలేదు. గోడ మీద మాత్రం ఒక కాగితం అతికించి ఉంది. కంప్యూటరు అతను చదివి వినిపించాడు. ఎవరి పట్టిక వాళ్లే తెచ్చుకోవాలి, దుకాణంలో దొరకదు అని. పిల్ల యూనివర్సిటీలో మా మాట ఎత్తిందో లేదో తెలియదు. ఎవరూ వచ్చి అడగలేదు. పాతవాళ్ల పుస్తకాలు మాత్రం అలాగే ఉంటాయి, ఆ ఈగతో సహా. నా కుట్టు గట్టిది, అంత తొందరగా ఊడదు. తలచుకున్నప్పుడు కొంచెం సిగ్గేస్తుంది.

కొన్ని నెలలకు పిల్లకు పరీక్ష పెట్టారు, నలుగురి ముందు ప్రశ్నలడిగేది. నన్ను కూడా రమ్మంది. వెనక వరసలో కూర్చున్నాను. పైఊరి నుంచి వచ్చిన పెద్దసారు అడిగాడు. ఆడవాళ్లు మోపులే కడతారని, నరకరని పెద్ద పెద్ద పుస్తకాల్లో ఉంది కదా, నరికారని నువ్వెలా రాశావు అని.

"పదిహేడో నంబరు చెప్పారు సార్. వెనక పట్టికలో చూడండి. నాలుగు, తొమ్మిది, ఇరవై ఆరు కూడా అదే చెప్పారు."

ఆయన వెనక్కి తిప్పాడు. వేలు పెట్టి చూశాడు. తల ఊపి, ముందుకు తిప్పి, ఇంకో ప్రశ్న వేశాడు. చెయ్యెత్తి నేనే సారూ అనాలని నాకెంత అనిపించిందో! చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పేరు బయటపెట్టనని పిల్ల మాటిచ్చింది కదా, నేనే తప్పిస్తే ఎలా?

పిల్ల నాకో కాపీ ఇచ్చింది. దానికి అట్ట నేనే వేసుకున్నాను, ఈసారి సన్నకుట్టుతో. అది పట్టుకుని మా వైపు ఊళ్లకు పోయాను, ఒకప్పుడు నాతో చెరకు కొట్టిన, చీటీలున్న ఆడవాళ్ల దగ్గరికి. ఒకామె చీటీ గోడ సందులో దోపుకుంది. ఒకామె తాళి డబ్బీలో పెట్టుకుంది. ఒకామె అప్పటికే పోయింది, చీటీ కోడలు తెచ్చిచ్చింది. అరుగు మీద పుస్తకం చుట్టూ చేరి ఒకటే గోల.

"నాది సూడు అక్కా. ఇరవై ఆరు. ఎన్నిపాల్లున్నది?"

కాగితం కాగితం తిప్పి వేలు పెట్టి చూపించాను. "ఒకటి… గీడ రెండు… మూడు. మూడుపాల్లు."

"మరి నీది?"

"నాది ఏడు."

"అబ్బో! దుకాణంల కూసోని ముచ్చట్లు వెట్టినవు, ఏడుండయా మరి?"

"నీదైతే నంబరే పెద్దది గదనే. నాది పదిహేడే, నీది ఇరవై ఆరు."

ఆమెకు అది నచ్చింది. పక్కామెను మోచేత్తో పొడిచింది. "ఇన్నవా? మేస్త్రీ పుస్తకంల ఒక్కపారి గూడ లేకుంటి. గీండ్ల మూడుపాల్లు!"

ఆ పుస్తకంలో ఏం రాసి ఉందో నేను చదవలేను. నాకు వచ్చేది అంకెలే. ఆ రోజు ఆ అరుగు మీద వాళ్లకు కావలసినవీ అవే కాబట్టి, పొద్దు వాలేదాకా పుస్తకమంతా నేనే చదివి వినిపించాను.